అంగీ విప్పిస్తే గురుత్వం పోతుందా?

ప్రశ్న: విదేశంలో ఒక క్రైస్తవ మతగురువును ‘డీఫ్రాక్’ చేశారని ఇంగ్లీషు పత్రికలో చదివాను. మా మనవరాలికి కుట్టించే ఫ్రాకుకూ, మతగురువును పదవి నుంచి తీసివేయడానికీ సంబంధం ఏమిటో బోధపడలేదు. అదే వార్తకు తెలుగులో ‘మతగురువును వెలివేసిన చర్చి’ అని శీర్షిక పెట్టారు. రెండింటికీ అర్థం ఒకటేనా? ఆ క్రియ ఎలా పుట్టింది? తెలుగులో దాన్ని ఏమనాలి?
— ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం

జవాబు: అర్థం ఒకటి కాదు. వెలి అనేది జ్ఞానస్నానం పొందిన ఎవరికైనా, గురువుకైనా గృహస్థుకైనా, పడగల శిక్ష. అది పడిన మనిషి పూజలో అందుకునే దివ్యసత్ప్రసాదానికీ తక్కిన సంస్కారాలకూ దూరమవుతాడు. పశ్చాత్తాపపడి తిరిగివస్తే ఆ శిక్షను ఎత్తివేస్తారు. డీఫ్రాక్ చేయడం గురువులకు మాత్రమే వర్తించే చర్య. దానితో పోయేవి గురువుగా అతనికున్న హోదా, అధికారాలు, సంఘం నుంచి అందే పోషణ, పేరుకు ముందు ‘గురుశ్రీ’ అని రాయించుకునే మర్యాద. అలా పదవి పోయిన మనిషి ఆ మరుసటి ఆదివారమే మీ జ్ఞానాపురం కెథెడ్రల్‌కు వచ్చి, మీ పక్క బల్ల మీద కూర్చుని, సామాన్య విశ్వాసిగా పూజలో పాల్గొనవచ్చు. పూజ నడిపించడానికి బలిపీఠం దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు. ఒకే వ్యక్తికి రెండు శిక్షలూ పడిన సందర్భాలు చరిత్రలో ఉన్నందువల్ల వార్తలు రాసేవారు వాటిని కలిపేస్తుంటారు గాని, వాటిలో ఒకటి సభ్యత్వానికి సంబంధించినది, రెండోది పదవికి సంబంధించినది.

ఇక ఫ్రాకు సంగతి. ఈ మాట 14వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి ఆడపిల్లల గౌను అనే అర్థం లేదు. మఠాల్లోని సన్యాసులు మెడ నుంచి మడమల దాకా వేసుకునే, చేతులు వెడల్పుగా వేలాడే అంగీని ఫ్రెంచిలో ‘ఫ్రోక్’ అనేవారు. ఇంగ్లీషువారు తీసుకున్నది ఆ అంగీ పేరునే. ఫ్రెంచి మాట వెనుక పై అంగీని సూచించే పాత జర్మానిక్ పదం ఒకటి ఉందని ఎక్కువ మంది నిఘంటుకారులు అంటారు. నేటి జర్మన్‌లో స్కర్టును ‘రోక్’ అనడం, బిషప్పులు వేసుకునే తెల్లని పై అంగీకి ‘రోచెట్’ అని పేరుండడం ఆ కుటుంబ సంబంధమేనని వారి వాదన. ఉన్ని పింజెకు లాటిన్‌లో ఉన్న ‘ఫ్లొక్కస్’ అనే మాట నుంచి వచ్చిందనేవారు కూడా ఉన్నారు. మూలం ఏదైనా, ఆ పేరు సన్యాసుల దగ్గర ఆగలేదు. పొలం పనివాళ్ళ వదులు చొక్కాకు, 16వ శతాబ్దం నుంచి స్త్రీల, పిల్లల దుస్తులకు, ఆ తరువాత దొరలు మోకాళ్ళ దాకా తొడిగే ఫ్రాక్ కోటుకు కూడా అదే పేరు పాకింది. మీ మనవరాలి ఫ్రాకు ఈ వరసలో బాగా చివరగా వచ్చిన చెల్లెలు.

అంగీ అనే అర్థం ఇంకా బతికి ఉన్న రోజుల్లోనే ఫ్రెంచివారు దానికి వ్యతిరేకార్థాన్నిచ్చే ఉపసర్గను తగిలించి ‘డెఫ్రోకే’ అనే క్రియను తయారు చేసుకున్నారు. అంగీ విప్పించడం అని దాని సూటి అర్థం. 16వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి డీఫ్రాక్‌గా వచ్చింది అదే. 17వ శతాబ్దంలో ‘అన్‌ఫ్రాక్’ అని ఇంకొక రూపం, అదే అర్థంతో, ఇంగ్లీషులోనే పుట్టింది. మొదటి ఎలిజబెత్ రాణి ఈలీ బిషప్పు మీద ఆగ్రహించి, ‘నిన్నీ స్థితికి తెచ్చినది నేనే, దేవుడి తోడు, నీ అంగీ ఊడదీయిస్తాను’ అన్న ధోరణిలో అన్‌ఫ్రాక్ అనే మాట వాడి ఉత్తరం రాసిందని ఒక కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ ఉత్తరం 18వ శతాబ్దంలో గాని అచ్చులో కనిపించలేదు; అది కల్పితమన్నదే చరిత్రకారుల మాట. రాణి చనిపోయిన తరువాత గాని వాడుకలోకి రాని క్రియ ఆమె కలం నుంచి రావడం ఒక్కటే చాలు, దాన్ని అనుమానించడానికి. ఫ్రెంచిలో స్వచ్ఛందంగా మఠం విడిచినవాణ్ణి ‘అంగీని దురదాకు పొదల్లోకి విసిరేశాడు’ అనడం నేటికీ ఉంది. విచిత్రమేమంటే, నేటి ఫ్రెంచి కుర్రకారు మాటల్లో ఫ్రోక్ అంటే ప్యాంటు.

పదవి తీసేయడాన్ని బట్టలు ఊడదీయడంగా చెప్పడం మనకు కొత్త కాదు. కానిస్టేబుల్ మీద కోపం వచ్చిన పెద్దమనిషి ‘నీ ఖాకీ బట్టలు ఊడదీయిస్తాను’ అనే అంటాడు గాని, ‘నిన్ను సర్వీసు నుంచి డిస్మిస్ చేయిస్తాను’ అనడు. అయితే అక్కడ అది మాట వరసే. మధ్యయుగపు ఐరోపాలో మాత్రం నిజంగానే, జనం చూస్తుండగా, ఒక్కొక్క వస్త్రమే విప్పించేవారు. దానికి ఒక తంతు ఉండేది. 8వ బొనిఫాస్ పోపు 1298లో వెలువరించిన చర్చి చట్టాల సంపుటంలో ఆ తంతు వివరంగా ఉంది. సైనికుడి నుంచి సైనిక చిహ్నాలను ఒలిచేసినట్లే గురువు నుంచి గురు చిహ్నాలను తీసివేయాలని అందులో పోల్చి మరీ చెప్పారు. గురుపట్టాభిషేకంలో ఇచ్చినవన్నీ ఇచ్చిన క్రమానికి తలకిందులుగా వెనక్కి తీసుకోవాలి. చేతిలో ద్రాక్షారస పాత్రను, అప్పం ఉంచే పళ్ళేన్ని పెట్టి, లాక్కోవాలి. పవిత్ర తైలం రాసిన వేళ్ళను కత్తితోనో గాజుపెంకుతోనో గీకాలి. నడినెత్తిన గుండ్రంగా గొరిగి ఉంచిన గురు చిహ్నం తెలియకుండా పోయేలా తలంతా కత్తిరించాలి. ఇదంతా అయ్యాక అతన్ని రాజోద్యోగులకు అప్పగించేవారు. అప్పటిదాకా మతగురువును శిక్షించే అధికారం రాజుకు ఉండేది కాదు. ఈ చివరి మాటలోనే అసలు కిటుకు ఉంది. మతభ్రష్టత్వ నేరం మోపిన గురువును సజీవ దహనం చేయాలంటే ముందు అతను గురువు కాకుండా పోవాలి. ఆనాడు ఈ తంతు క్రమశిక్షణ చర్య కన్నా మరణశిక్షకు వాకిలి.

1415 జూలై 6న కాన్‌స్టన్స్ పట్టణంలో చెక్ మత సంస్కర్త యాన్ హుస్‌కు ఇది జరిగినప్పుడు, తల మీద గుండ్రటి గుర్తును మంగలి కత్తితో గొరగాలా, కత్తెరతో కత్తిరించాలా అని బిషప్పుల మధ్యే తగువు వచ్చింది. చివరికి కత్తెర గెలిచింది. దయ్యాల బొమ్మలు గీసిన కాగితపు టోపీ పెట్టి అతన్ని ఆ రోజే తగలబెట్టారు.

ఇంగ్లండులో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్‌కు 1556 ఫిబ్రవరి 14న ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన తంతు మరీ దగ్గరగా చూడదగినది. ఎగతాళికి ముతక గోనెలాంటి గుడ్డతో ఆర్చిబిషప్ వస్త్రాలను కుట్టించి, వాటిని ముందు ఆయనకు తొడిగించి, తరువాత ఒక్కొక్కటిగా విప్పారు. విప్పడానికి వచ్చిన ఇద్దరూ, లండన్ బిషప్ బోనర్, ఈలీ బిషప్ థర్ల్‌బీ, బిషప్పులే గాని ఆర్చిబిషప్పులు కారు. ఆర్చిబిషప్ మెడలో వేసే ‘పాల్’ అనే ఉన్ని పట్టె మీద వారి చేయి పడబోతుండగా, ‘మీలో ఎవరికి పాల్ ఉంది, నా పాల్ తీయడానికి?’ అని క్రాన్మర్ అడిగాడని నాటి కథనం. తాము బిషప్పులుగా ఆయన కన్నా తక్కువవారమే అయినా, పోపు ప్రతినిధులుగా తమకు ఆ అధికారం ఉందని వారు బదులిచ్చారు. బోనర్ ఎగతాళి చేస్తుంటే, క్రాన్మర్‌కు పాత స్నేహితుడైన థర్ల్‌బీ కన్నీళ్ళు పెట్టుకున్నాడట. మంగలి జుట్టు కత్తిరించాడు, బోనర్ వేలి కొసలు గీకాడు, చివరికి నూలు వదిలిన పాత గౌను ఒకటి, సాధారణ పట్టణవాసి టోపీ ఒకటి తగిలించి పంపేశారు. మార్చి 21న ఆయన్ను దహనం చేశారు. ఇంత వివరంగా చెప్పడం ఎందుకంటే, కింది వాడు పై వాడి పదవిని తీయగలడా అన్న క్రాన్మర్ ప్రశ్న కోపంలో అన్న మాట కాదు, చట్టప్రకారం అడగవలసిన ప్రశ్న. ఇచ్చినవాడే తీసుకోవాలన్నది ఆ తంతుకు ప్రాణం.

చర్చి చట్టంలోని మాటలు వేరు. అక్కడ ఫ్రాకు ప్రస్తావనే లేదు. పాత చట్ట భాషలో ‘డిపోజ్’, ‘డిగ్రేడ్’ అనే రెండు క్రియలు ఉండేవి. మొదటిది పీఠం మీద నుంచి కిందికి దించడం. రెండోది ‘గ్రాదుస్’ అంటే మెట్టు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, ఎక్కిన మెట్టు దింపడం. 1917 నాటి కథోలిక ధర్మశాస్త్రం ఈ రెంటినీ వేర్వేరు శిక్షలుగానే లెక్కపెట్టింది. 1932 అక్టోబరు 21న నోరిచ్ కెథెడ్రల్‌లో ఇంగ్లండు చర్చి అయిన ఆంగ్లికన్ సంఘం హెరాల్డ్ డేవిడ్సన్ అనే గురువును తొలగించినప్పుడు, బిషప్ చదివిన తీర్పులో తొలగించడం, దించడం, మెట్టు దింపడం అనే మూడు క్రియలూ వరుసగా ఉన్నాయి. పాపం, ఆ తరువాత ఆయన బతుకుతెరువు కోసం సముద్రతీర పట్టణాల్లో పీపాలో కూర్చుని జనానికి కనిపించే ప్రదర్శనలిచ్చి, 1937లో స్కెగ్నెస్‌లో సింహాల బోనులో చేసిన ప్రదర్శనలో సింహం దాడికి గురై చనిపోయాడు.

కథోలిక సంఘం నేడు అనుసరిస్తున్నది 1983 నాటి ధర్మశాస్త్రం. అందులో డిగ్రేడ్ కూడా లేదు. దాని స్థానంలో గురు స్థితి నుంచి తొలగింపు అనే పొడి మాట ఉంది. 290వ సూత్రం మొదటి వాక్యమే ఈ చర్చకు తాళపు చెవి: సక్రమంగా పొందిన గురుపట్టం ఎన్నటికీ చెల్లకుండా పోదు. జ్ఞానస్నానం లాగానే గురుపట్టం కూడా ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తుందని ఆ సంఘం విశ్వాసం; 1563లో ట్రెంట్ మహాసభ దాన్ని గట్టిగా ప్రకటించింది. మెల్కీసెదెకు క్రమం చొప్పున నీవు నిరంతరం యాజకుడవు అని 110వ కీర్తనలో ఉన్న మాటను గురుపట్టం సందర్భంలో తరచు వినే మీకు ఇది కొత్తగా ఉండదు. కాబట్టి సంఘం తీసివేయగలిగేది హోదాను, పని చేసే హక్కును, ముద్రను కాదు. హోదా పోయిన గురువు పూజ చేయకూడదు, ప్రసంగించకూడదు, విశ్వాసులు తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వినకూడదు. ఒక్క మినహాయింపు ఉంది: మరణం ముంగిట ఉన్న మనిషి ఎవరైనా పాపసంకీర్తనం చేస్తానంటే, వేరే గురువు అందుబాటులో ఉన్నా సరే, అతను విని పాపవిమోచనం చెప్పవచ్చునని 976వ సూత్రం అనుమతిస్తుంది. ముద్ర చెరిగిపోయి ఉంటే ఈ మినహాయింపుకు అర్థమే ఉండదు.

ఈ సిద్ధాంతం కాగితం మీదిదే కాదనడానికి తాలిరాన్ కథ చెప్పాలి. ఫ్రాన్సులో బిషప్పుగా ఉండి, విప్లవ కాలంలో రాజకీయాల్లోకి దూకి, నెపోలియన్‌కు విదేశాంగ మంత్రి అయిన ఈయనకు 1802లో 7వ పయస్ పోపు లౌకిక జీవితం గడపడానికి అనుమతించాడు. పెళ్ళికి అనుమతించలేదు, ఆయన ఆ సంగతి పట్టించుకోకుండా ఆ ఏడే పెళ్ళి చేసుకున్నాడు. 36 ఏళ్ళ తరువాత, 1838 మే నెలలో, ఆయన మరణశయ్య మీద ఉండగా అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి గురువు వచ్చి చేతులకు తైలం రాయబోయాడు. మామూలు విశ్వాసికి అరచేతుల మీద రాస్తారు. తాలిరాన్ పిడికిళ్ళు మూసి, చేతులు తిప్పి, వెనుక భాగం చూపించి, ‘నేను బిషప్పునని మరచిపోకండి’ అన్నాడు. గురువుల అరచేతులకు పట్టాభిషేకం నాడే తైలం రాసి ఉంటారు కనుక, చివరి అభ్యంగనం చేతుల వెనుక రాయాలి. జీవితమంతా అంగీని లెక్కచేయని మనిషి ఆ ఒక్క నియమాన్ని మరచిపోలేదు.

తొలగింపు అన్నివేళలా శిక్ష కాదన్న సంగతిని కూడా ఇక్కడే చెప్పాలి. గురువు తనంతట తాను విన్నవించుకుంటే పోపు అతన్ని గురు బాధ్యతల నుంచి విడుదల చేయవచ్చు. బ్రహ్మచర్య నియమం నుంచి విడుదల వేరుగా ఇవ్వాలి, దాన్ని ఇవ్వగలవాడు పోపు ఒక్కడే. ఇలా మర్యాదగా వెళ్ళి, పెళ్ళి చేసుకుని, ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటున్న మనిషిని డీఫ్రాక్ అయిన ఫాదర్ అనడం అన్యాయం. ఆ క్రియలో ఎప్పుడూ ఒక బలవంతం, ఒక అవమానం ఉన్నాయి. వాషింగ్టన్ మాజీ ఆర్చిబిషప్ థియొడోర్ మెకారిక్‌పై వచ్చిన లైంగిక నేరాల ఆరోపణలను చర్చి విచారించి, దోషిగా తేల్చి, 2019 ఫిబ్రవరిలో తొలగించినప్పుడు పత్రికలు డీఫ్రాక్ అన్నాయి. అక్కడ ఆ మాట సరిపోయింది. వాటికన్ ప్రకటనలో మాత్రం గురు స్థితి నుంచి తొలగింపు అనే ఉంది.

తెలుగులో ఏమనాలి? అంగీ ఊడదీశారు అని రాస్తే వెటకారంగా ఉంటుంది. పదభ్రష్టుడు అనే మాటలో తీర్పు మరీ ఎక్కువ. పదచ్యుతుడు మంచి మాట. డిగ్రేడ్‌లోని మెట్టు దాదాపుగా దీని పదంలో ఉంది. వార్తకైతే ‘గురుత్వ హోదా నుంచి తొలగించారు’ అనడం ఉత్తమం, తనంతట తాను వెళ్ళినవారికి ‘గురుత్వ విరమణ’ అనవచ్చు. తెలుగు బైబిలు అనువాదంలో మన విశాఖకూ పాత్ర ఉంది. 1805లో ఇక్కడికి వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ ఆ పని మొదలుపెట్టారు. నేడు మన చేతుల్లో ఉన్న అనువాదంలో ఈ విషయానికి పనికివచ్చే మాటలు ఎంత తేలికగా ఉన్నాయో చూడండి: రాజుల మొదటి గ్రంథంలో సొలొమోను అబ్యాతారును యాజకత్వం నుంచి తీసివేస్తాడు, అపొస్తలుల కార్యములలో యూదా విడిచిన స్థానాన్ని గురించి అతని ‘యుద్యోగము’ వేరొకడు తీసుకోవాలని ఉంటుంది. పాత ఇంగ్లీషు బైబిలులో సరిగ్గా అక్కడే బిషప్పు పదవి అనే అర్థం వచ్చే మాట వాడారు. ఉద్యోగం అన్న తెలుగు అనువాదకులకు జోహారు చెప్పాలనిపిస్తుంది.

ప్రొటెస్టంటు సంఘాల్లో లెక్క మారుతుంది. మన ఉత్తరాంధ్రలో ఎక్కువగా కనిపించే బాప్టిస్టు సంఘాలకు చెరగని ముద్ర అనే సిద్ధాంతం లేదు. అభిషేకం అంటే సంఘం ఇచ్చే గుర్తింపు, ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంటే పని ముగిసినట్లే. ఆంగ్లికన్లు ముద్ర చెరగదంటూనే 20వ శతాబ్దం దాకా డిపోజ్ చేసేవారు. ఇంగ్లండులో 2003 నాటి క్రమశిక్షణ చట్టం దానికి బదులు జీవితాంత నిషేధాన్ని తెచ్చింది. ఇక తన ఇంటి మేడ మీద తానే సంఘం పెట్టుకుని, తానే అధ్యక్షుడై, బోర్డు రాయించుకున్న పాస్టరుగారిని డీఫ్రాక్ చేయడానికి పైన ఎవరూ ఉండరు. రావడం మానేసే హక్కు ఒక్కటే విశ్వాసుల చేతిలో ఉంటుంది.

ప్రశ్న: మా పెళ్ళి జరిపించి, మా పిల్లలిద్దరికీ జ్ఞానస్నానం ఇచ్చిన గురువుగారిని చాలా ఏళ్ళ తరువాత ఆయన సంఘం తొలగించింది. ఆ పెళ్ళి, జ్ఞానస్నానాలు చెల్లుతాయా అని బంధువులు సందేహాలు పెడుతున్నారు.
— ఒక పాఠకుడు, పాత పోస్టాఫీసు, విశాఖపట్నం

జవాబు: చెల్లుతాయి, బంధువుల మాట పట్టించుకోకండి. ఈ సందేహం 4వ శతాబ్దంలోనే ఉత్తర ఆఫ్రికాలో పెద్ద చీలికకు దారితీసింది. రోమన్ ప్రభుత్వపు హింసకు భయపడి పవిత్ర గ్రంథాలను అప్పగించిన బిషప్పులు చేసిన సంస్కారాలు చెల్లవని దొనాతుస్ అనుచరులు వాదించారు. సంస్కారం క్రీస్తుది గాని చేసే చేతిది కాదని, చేయి మురికిదైనా సంస్కారం మురికి కాదని ఆ ప్రాంతపు బిషప్ అగస్టీన్ బదులిచ్చాడు. పారిపోయిన సైనికుడి ఒంటి మీద కూడా సైన్యపు గుర్తు మిగిలే ఉంటుందన్నాడు. పడమటి సంఘం ఆ వాదాన్నే స్వీకరించింది. మీ పిల్లలకు మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వవలసిన పని లేదు, ఇవ్వకూడదు కూడా.

పెళ్ళికి సంఘం నియమంతో పాటు ప్రభుత్వ చట్టం కూడా ఉంది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బిషప్పు చేత గురుపట్టం పొందినవారు తమ సంఘ ఆచారం ప్రకారం పెళ్ళి జరిపించవచ్చు. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన పాస్టర్లూ జరిపించవచ్చు, ఆ లైసెన్సును రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికే ఉంది. చూడవలసిందల్లా పెళ్ళి జరిగిన నాటికి ఆయనకు అధికారం ఉందా లేదా అన్నదే. ఉంది కదా, రిజిస్టరులో సంతకాలు కూడా పడ్డాయి కదా. తరువాతి తొలగింపు వెనక్కి నడిచి వచ్చి ఆ పేజీని చెరపదు. తొలగించిన తరువాత జరిపించిన పెళ్ళిళ్ళ సంగతి వేరు; అటువంటివారు ముందు వకీలును కలవడం మంచిది.

ప్రశ్న: నేను నౌకాదళంలో పనిచేసి రిటైరయ్యాను. ఓడల విన్యాసాలకు వచ్చిన ఒక అమెరికన్ అధికారి తనకు ‘ఫ్రాకింగ్’ అయిందని సంతోషంగా చెప్పాడు. ఇది మీరు చెప్పే మాటకు వ్యతిరేకమా?
— ఒక పాఠకుడు, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: పుట్టుక ఒకటే, దారులు వేరు. అమెరికన్ సైన్యాల్లో పై హోదాకు ఎంపికైన అధికారి, ఆ హోదా అధికారికంగా అందేలోపే దాని చిహ్నాలు ధరించడానికి, ఆ పేరుతో పిలిపించుకోవడానికి ఇచ్చే అనుమతిని ఫ్రాకింగ్ అంటారు. జీతం మాత్రం పాతదే. ఇందులోని ఫ్రాకు నౌకాదళ అధికారులు వేసుకునే ఫ్రాక్ కోటు. సన్యాసి అంగీ కాదు.

ప్రశ్న: గురువుల బట్టలు తీయించే ఆచారం క్రైస్తవంలోనే ఉందా? తొట్లకొండ దగ్గర ఉంటున్న మాకు బౌద్ధ భిక్షువుల విషయం కూడా తెలుసుకోవాలని ఉంది. మన హిందూ సంప్రదాయంలో దీనికి సాటి వచ్చేది ఏమిటి?
— ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: క్రైస్తవం పుట్టడానికి రెండు శతాబ్దాలకు పైగా ముందే ఇది మన దేశంలో రాతి మీద చెక్కి ఉంది. సారనాథ్, సాంచి, కౌశాంబి స్తంభాల మీద అశోకుడి ఆజ్ఞ ఒకటి ఉంది: సంఘాన్ని చీల్చే భిక్షువుకు గాని భిక్షుణికి గాని తెల్లబట్టలు కట్టించి, ఆవాసం కాని చోట ఉంచాలి. ‘ఓదాతాని దుసాని’ అన్నవి అందులోని మాటలు. ఓదాత అంటే మన అవదాతమే, తెలుపు. దుస అంటే దుస్తులు. కాషాయం భిక్షువుది, తెలుపు గృహస్థుది. అందుచేత తెల్లబట్ట కట్టించడం అంటే గృహస్థుల్లో కలిపేయడం. ఐరోపావారు బట్ట విప్పడం మీద దృష్టి పెట్టారు, అశోకుడు కట్టించవలసిన బట్ట రంగు కూడా చెప్పాడు. నాకైతే ఈ ఆజ్ఞ మర్యాదైనదిగా తోస్తుంది. ఇందులో వేళ్ళు గీకడం లేదు, నిప్పు లేదు.

సంఘంలో ఉన్న నియమం అంతకన్నా పాతది. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో భిక్షువును శాశ్వతంగా పోగొట్టే అపరాధాలు నాలుగు, వాటిని పారాజికాలు అంటారు: మైథునం, దొంగతనం, నరహత్య, లేని ఆధ్యాత్మిక సిద్ధులు తనకు ఉన్నాయని చెప్పుకోవడం. నాలుగోదానికి అక్కడ ఇచ్చిన ఉపమానం మన భీమిలి తోటల్లో కంటికి కనిపించేదే: మొవ్వు నరికిన తాటిచెట్టు మళ్ళీ ఎదగనట్లు, అటువంటివాడు ఇక భిక్షువు కాలేడు. గమనించవలసిన తేడా ఏమిటంటే, కథోలికుల దృష్టిలో హోదా పోయినా ముద్ర ఉంటుంది. పారాజికం చేసినవాడికి తప్పు జరిగిన క్షణంలోనే భిక్షుత్వం పోతుంది, సంఘం తెలుసుకుని బయటికి పంపడం ఆ తరువాతి పని. కాషాయం వేసుకుని తిరిగినా అతను భిక్షువు కాడు. తనంతట తాను శిక్షాపదాలు, అంటే భిక్షువు పాటించవలసిన నియమాలు, వదులుకుని ఇంటికి వెళ్ళినవాడు మాత్రం మళ్ళీ రావచ్చు. ఇంగ్లీషులో బౌద్ధ భిక్షువుల విషయంలో డీఫ్రాక్ కన్నా ‘డిస్‌రోబ్’ అనే క్రియ ఎక్కువగా కనిపిస్తుంది. స్వచ్ఛందంగా వెళ్ళినవారికి కూడా అదే వాడతారు.

హిందూ సంప్రదాయంలో సన్యాసం ఇచ్చే గురువు ఉన్నాడు గాని, దేశమంతటికీ వర్తించేలా తీసివేసే న్యాయస్థానం లేదు. సన్యాసం పుచ్చుకుని తిరిగి సంసారంలో పడినవాణ్ణి ధర్మశాస్త్రాలు ఆరూఢపతితుడు అన్నాయి, అంటే ఎక్కి పడినవాడు. అక్కడ దించేవారు ఎవరూ లేరు, తానే పడ్డాడు. మఠాధిపతి అయితే మఠం ఆస్తులు, పాలన ఉంటాయి కనుక చట్టం కలగజేసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి దేవాదాయ చట్టం మఠాధిపతిని తొలగించడానికి కూడా నియమాలు పెట్టింది.

దేవాలయ అర్చకుల సంగతి ఇంకా వేరు. సింహాచలం లాంటి మన ఆలయాల్లో అర్చకుడు సాధారణంగా సన్యాసి కాడు, గృహస్థు. అర్చకుల వంశపారంపర్య హక్కులను అదే 1987 చట్టం రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది; 2007లో చట్టాన్ని సవరించి దాన్ని కొంత సడలించారు. దేవాదాయ శాఖ కింద ఉన్న ఆలయాల్లో అర్చకుడి మీద చర్య అంటే షోకాజ్ నోటీసు, విచారణ, సస్పెన్షన్, తొలగింపు. అన్నీ ఉద్యోగ నియమావళి మాటలే. ఆయన ఆగమ పరిజ్ఞానం, పొందిన దీక్ష ఆ ఉత్తర్వులకు అందేవి కావు, ఉత్తర్వులు వాటి జోలికి పోవు కూడా.